ఏడు గంటల ఫోను

మిర్యాలగూడలో మిల్లులు నడవని నెలల్లో సాయంత్రం ఒక పట్టాన గడవదు. సీజనులో పొద్దు ఎప్పుడు వాలిందో కూడా తెలియదు. లారీల హారన్లు, హమాలీల కేకలు, ఉడికిన వడ్ల పులిసిన వాసన, పొగగొట్టం నుంచి రాలే నల్లటి నుసి. అవన్నీ ఆగిపోతే మాత్రం మిల్లులున్న ఊరి చివర మొత్తానికి చెవుడు వచ్చినట్టు ఉంటుంది. రేకుల మీద పావురం నడిచినా వినపడుతుంది.

నా పేరు కాశీరాం. మాది పెన్‌పహాడ్ దగ్గర లంబాడీ తండా. ఇరవై ఏళ్లు మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేశాను. నా భార్య సీతాబాయి, నేను మిల్లుకు కిలోమీటరు దూరంలో కిరాయి గదిలో ఉంటాం. మా ఒక్కగానొక్క బిడ్డ అఖిల సూర్యాపేటలో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది.

పోయిన ఏడాది నుంచి నాకు నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చేది. వెల్లకిలా పడుకుంటే నీళ్లలో మునిగినట్టు ఊపిరి ఆడేది కాదు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం గుండెలోని వాల్వును తినేసిందని డాక్టర్లు తేల్చారు. ఫిబ్రవరిలో హైదరాబాదులో ఛాతి కోసి, పాడైన వాల్వు తీసేసి లోహంతో చేసింది పెట్టారు.

లోహపు వాల్వుకు చప్పుడు ఉంటుంది. చేతి గడియారాన్ని చెవికి ఆనించుకుంటే వచ్చేంత చప్పుడు. చుట్టూ సద్దు లేకపోతే అది బయటికే వినపడుతుంది. ఇంటికి వచ్చిన మొదటి రాత్రి సీతాబాయి లేచి గదంతా వెతికింది, గడియారం ఎక్కడుందా అని. నేను నా ఛాతి చూపించాను. ఆమె నవ్వబోయి, నవ్వలేక, అటు తిరిగి పడుకుంది.

చప్పుడు ఉండటం మంచిదేనని డాక్టర్లు చెప్పారు. వాల్వు పనిచేస్తోందని అర్థం అన్నారు. నా కష్టం చప్పుడుతో కాదు. అది లెక్క తప్పేది. ఆరుసార్లు సక్రమంగా కొట్టి ఏడోసారి కొట్టేది కాదు. మళ్లీ రెండు దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడేవి. ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి ఇట్లా అవుతుందని గోళీలు ఇచ్చారు. గోళీలు వేసుకున్నాను. కానీ ఆ ఆగిన చోట... అక్కడ ఏమీ లేని ఆ ఒక్క క్షణంలో... కాళ్ల కింద నేల పోయినట్టయ్యేది. ఇక మళ్లీ కొట్టదేమో అనుకునేవాణ్ణి. అన్నం తింటున్నా రెండు వేళ్లు ఎడమ మణికట్టు మీదే ఉండేవి. బస్సులో, స్నానాల గదిలో, మనుషులతో మాట్లాడుతూ కూడా నాడి చూసుకునేవాణ్ణి. గదిలో కూర్చోలేను, వీధిలో నిలబడలేను. సీతాబాయి ఓపికగా చూసింది. ఒకరోజు నా చెయ్యి పట్టి లాగి, వేళ్లు విడదీసి, తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అప్పుడు నేను మెడ దగ్గర నాడి చూసుకున్నాను.

ఆ రోజుల్లో నన్ను అర్థం చేసుకున్న మనిషి ఒక్కడే. జంగయ్య.

జంగయ్యది కోదాడ. తాపీ మేస్త్రీ. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. ఆసుపత్రిలో నా పక్క మంచం. నాకు కోసిన మర్నాడే ఆయనకూ కోశారు, అదే వాల్వు పెట్టారు. దగ్గు వస్తే ఛాతికి దిండు అదిమి పట్టుకుని దగ్గాలి కదా, మేమిద్దరం ఒకేసారి దిండ్లు పట్టుకుని దగ్గేవాళ్లం. నన్ను తమ్ముడూ అనేవాడు. నేను జంగన్నా అనేవాణ్ణి. నెలనెలా ఇద్దరం సూర్యాపేట దవాఖానకు రక్త పరీక్షకు వచ్చేవాళ్లం. రక్తం గడ్డ కట్టకుండా మేం వేసుకునే గోళీ ఎక్కువైనా ప్రమాదమే, తక్కువైనా ప్రమాదమే. అందుకని ఆ పరీక్ష. రిపోర్టు వచ్చేదాకా బయట బల్ల మీద కూర్చుని చాయ తాగేవాళ్లం.

ఏడు గంటల ఫోను ఆలోచన ఆయనదే. నీ గుండె నువ్వు వింటే భయమేస్తుంది, నా గుండె నేను వింటే భయమేస్తుంది, అదే ఒకరిది ఒకరం వింటే అంత భయం ఉండదు కదా అన్నాడు. ఆ రోజు నుంచి సాయంత్రం ఏడు కాగానే ఆయన ఫోన్ చేసేవాడు. చేసి ఫోన్‌ను తన ఛాతి మీద పెట్టుకునేవాడు. నేను ఒక నిమిషం వినేవాణ్ణి. టిక్... టిక్... టిక్. ఆయనది కూడా అప్పుడప్పుడు తప్పేది. నేను, "బాగుంది జంగన్నా" అనేవాణ్ణి. అప్పుడు ఆయన, "ఇప్పుడు నీది పెట్టు" అనేవాడు. నేను పెట్టేవాణ్ణి. బాగుంది తమ్ముడూ, పోయి అన్నం తిను అనేవాడు. అంతే. ఐదు నెలలు ఒక్కరోజు కూడా తప్పలేదు.

బాయిలర్ పని ఇక చెయ్యకూడదన్నారు. మిల్లు ఓనరు మంచివాడు, నన్ను వాచ్‌మన్‌గా పెట్టుకున్నాడు. మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా నేను, ఆ తర్వాత తెల్లారేదాకా అంజన్న.

ఆగస్టులో సూర్యాపేటలో కొత్త డాక్టరమ్మ నన్ను చూసింది. చిన్న వయసు, నెమ్మదిగా మాట్లాడింది. నాడి రోజుకు ఎన్నిసార్లు చూసుకుంటావని అడిగింది. లెక్కే లేదన్నాను. ఏడు గంటల ఫోను సంగతి చెప్పాను. ఆమె రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది. గుండె కొంత తప్పుతోంది నిజమే, దానికి గోళీలున్నాయి, కానీ దాన్ని వింటూ కూర్చుంటే భయం పెరుగుతుంది, భయం పెరిగితే అది ఇంకా తప్పుతుంది అంది. ఆ ఫోను మానెయ్యమంది. ఆయనకు కూడా చెప్పి ఇద్దరూ మానెయ్యండి అంది.

ఆమె చెప్పింది సరైన మాట. ఆయనకు కూడా చెప్పమంది. అది నేను చెయ్యలేదు.

ఎట్లా చెప్పాలో తెలియలేదు. ఇవాళ చెబుతాను, రేపు చెబుతాను అనుకుంటూ గురువారం ఏడింటికి ఫోన్ మోగితే ఎత్తలేదు. శుక్రవారం ఎత్తలేదు. నిజం చెప్పాలంటే ఆ రెండు రాత్రులు నేను బాగా నిద్రపోయాను. ఐదు నెలల్లో మొదటిసారి సీతాబాయి నన్ను తట్టి లేపింది, పొద్దెక్కిందని. శనివారం ఏడింటికి మోగింది. ఏడుంపావుకు మోగింది. ఇంటికి వచ్చాక, అన్నం తింటుంటే, పడుకున్నాక కూడా మోగుతూనే ఉంది. పద్నాలుగు సార్లు. మోత రాకుండా చేసి దిండు కింద పెట్టాను. దిండు కింద అది వణుకుతుంటే నా చెవికి తెలుస్తూనే ఉంది. పొద్దున్నే చేసి అన్నీ చెబుదాం అనుకున్నాను.

ఆదివారం చేశాను. స్విచాఫ్ అని వచ్చింది. ఆ సాయంత్రం ఏడింటికి ఫోన్ మోగలేదు. కోపం వచ్చినట్టుంది అనుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం నుంచి ముసురు. మిల్లులో నేను ఒక్కణ్ణే. గేటు పక్కన లారీలు తూకం వేసే కాటా ఉంటుంది, దాని పక్కన చిన్న గది. ఆ గదిలో స్టూలు మీద కూర్చున్నాను. తడిసిన ఊక వాసన, పాత బూడిద వాసన. ఆరున్నరకు వాన ఆగింది. గేటు లైటు వేసి వచ్చాను. రేకుల మీది నుంచి నీటి చుక్కలు డ్రమ్ములో పడుతున్నాయి. ఒక చుక్క... ఒక చుక్క... తర్వాత చాలాసేపటికి ఇంకో చుక్క. నా వేళ్లు మణికట్టు మీదికి పోబోయాయి. చేతులు తొడల కింద పెట్టుకున్నాను.

ఏడింటికి ఫోన్ మోగింది. జంగన్న పేరు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఎత్తి, అన్నా తప్పయింది, ఏమనుకోకు అన్నాను. డాక్టరమ్మ చెప్పిన మాట చెప్పాను. నీకు ముందే చెప్పాల్సింది, పిరికితనంతో చెప్పలేదు అన్నాను. అవతల నుంచి మాట లేదు.

టిక్... టిక్... టిక్...

ఫోను అప్పటికే ఛాతి మీద పెట్టుకున్నాడన్నమాట. నా మాటలేవీ విని ఉండడు. సరే, ఈ ఒక్కరోజు విందాం, ఆ తర్వాత చెబుదాం అనుకున్నాను. విన్నాను. చప్పుడు ఎప్పటికంటే దగ్గరగా ఉంది. మధ్యలో బట్ట అడ్డం లేనట్టు... చర్మం కూడా అడ్డం లేనట్టు. చుట్టూ ఇంకే చప్పుడూ లేదు. జంగన్న ఇంట్లో ఆ వేళకు టీవీ మోగుతూ ఉంటుంది. ఆయన ఊపిరి కూడా వినపడేది ఎప్పుడూ. ఇప్పుడు ఊపిరి లేదు.

నిమిషం అయింది. బాగుందన్నా అన్నాను. ఆయన ఫోను తియ్యలేదు. రెండు నిమిషాలు. మూడు.

ఇంతలో చెవిలో బీప్ బీప్ అంటూ ఇంకో ఫోను వస్తున్నట్టు చప్పుడు. చూస్తే తెలియని నంబరు. జంగన్నను అట్లాగే లైనులో ఆపి ఉంచి, ఆ నంబరు ఎత్తాను.

"కాశీరాం బాబాయేనా? నేను వేణుని. కోదాడ జంగయ్య గారబ్బాయిని."

చెప్పు నాయనా అన్నాను. నాన్నతోనే మాట్లాడుతున్నా అనబోయాను.

"నాన్న చనిపోయాడు బాబాయ్. నిన్న తెల్లారుజామున. ఇవాళ మధ్యాహ్నం అంతా అయిపోయింది. నాన్న ఫోను నిన్న బకెట్లో పడి పాడైంది. నీ నంబరు లేక చెప్పలేకపోయాం. ఇప్పుడే రక్త పరీక్షల పుస్తకం వెనక కనపడితే చేస్తన్నా."

ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు. వీలు చూసుకుని ఒకసారి రమ్మని అతను ఫోను పెట్టేశాడు.

అతను పెట్టెయ్యగానే, ఆపి ఉంచిన ఫోను తిరిగి కలిసింది.

టిక్... టిక్... టిక్...

తెర మీద జంగన్న పేరు. పదకొండు నిమిషాలు... పదకొండు నిమిషాల పది సెకన్లు...

డ్రమ్ములో చుక్కలు పడటం కూడా ఆగిపోయింది. ఎవరిదో ఫోన్ మోసం అనుకున్నాను. పిల్లగాడు పొరపాటు పడ్డాడు అనుకున్నాను. తండ్రి చనిపోయాడని ఎవరు పొరపాటు పడతారు?

అప్పుడు చప్పుడు వెనక నుంచి మాట వచ్చింది. చాలా మెల్లగా. చాలా ఓపికగా.

"తమ్ముడూ... ఇప్పుడు నీది పెట్టు."

ఆ గొంతు జంగన్నదే. అందులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే ఫోను విసిరికొట్టి పరుగెత్తేవాణ్ణేమో. నాకు అప్పుడు భయంతో పాటు సిగ్గు కూడా వేసింది. మూడు సాయంత్రాలు ఆయన అడిగాడు, నేను పెట్టలేదు. ఇదొక్కటే కదా అడుగుతున్నాడు... చొక్కా రెండు గుండీలు తీసి, కుట్ల మచ్చ మీద ఫోను పెట్టుకున్నాను.

చల్లగా తగిలింది. ఇంతసేపు చెవి దగ్గరున్న ఫోను వేడిగా ఉండాలి కదా. అది బావినీళ్లలో నుంచి తీసినంత చల్లగా ఉంది.

అప్పుడు తెలిసింది నాకు. ఫోనులోని చప్పుడు నా ఎముకల్లోకి వస్తోంది. లోపల నాది కొడుతోంది. రెండూ ఒకటే తీరు. ఆరు దెబ్బలు, ఒక ఖాళీ, రెండు దెబ్బలు కలిసి. ఎక్కడ తప్పితే అక్కడే తప్పుతున్నాయి. నా చప్పుడే దానిలో తిరిగి వినపడుతోంది అనుకున్నాను ముందు.

కాదు.

ఫోనులో ముందు కొడుతోంది. నాలో తర్వాత.

టిక్, అని అది. టిక్, అని నేను.

అది ఆగింది. నేను ఆగాను.

అది వేగం పెంచింది. నాది దాని వెనక పరుగెత్తింది. దడదడా అంటూ, తూకం తప్పిన మిషను కొట్టుకున్నట్టు... గొంతులోకి వచ్చింది, చెవుల్లోకి వచ్చింది... ఫోను లాగేశాను. ఎర్ర గుర్తు నొక్కాను. మళ్లీ నొక్కాను. తెర నల్లబడింది. చప్పుడు పోలేదు.

గదిలో నుంచి బయటికి వచ్చాను. వెనక షెడ్డులో ఊక గుట్ట ఉంది, మనిషి ఎత్తు. చెయ్యి మోచేతి దాకా గుచ్చి ఫోనును అందులో పాతేశాను. ఊకలో పాతిన దేని చప్పుడూ బయటికి రాదు. మిల్లులో పనిచేసిన వాళ్లందరికీ అది తెలుసు. ఒక్క క్షణం అంతా సద్దు మణిగింది.

తర్వాత గుట్ట లోపల నుంచి... టిక్.

డాక్టరమ్మ చెప్పింది గుర్తు చేసుకున్నాను. అది పరుగెత్తితే కూర్చో. ముఖం మీద చన్నీళ్లు చల్లుకో. ఊపిరి మెల్లగా వదులు. డ్రమ్ము దగ్గరికి పోయి నీళ్లు చల్లుకున్నాను. ఒకటి, రెండు, మూడు అనుకుంటూ ఊపిరి వదిలాను. కాళ్లు చల్లబడుతున్నాయి. గేటు కనపడుతోంది, లైటు కింద తడి రోడ్డు కనపడుతోంది. అక్కడికి పోతే ఎవరో ఒకరు బండి మీద పోతుంటారు. నడిచాను. వెనక ఊక గుట్టలో అది. ఇక్కడ ఇది. కాటా మీది ఇనుప పలక మీద అడుగు పెట్టాను.

అప్పుడు వెనక చప్పుడు ఆగిపోయింది.

నిలబడిపోయాను.

పూర్తిగా ఆగిపోయింది. ఖాళీ. చిన్న ఖాళీ కాదు... ఐదు... ఆరు... అది మళ్లీ కొట్టలేదు.

నాది కొట్టింది. ఒకసారి.

మళ్లీ ఒకసారి.

ఆ తర్వాత నేను వింటూ నిలబడ్డాను. నోరు తెరుచుకుని, ఎవరి పిలుపు కోసమో ఎదురుచూసినట్టు, నా లోపలికి చెవి పెట్టి నిలబడ్డాను. లైటు పక్కకు ఒరిగింది. ఇనుప పలక నా చెంపకు తగిలింది.

తొమ్మిదికి డ్యూటీ ఎక్కడానికి వచ్చిన అంజన్న నన్ను చూశాడు. ఎవరో తాగి పడిపోయారు అనుకున్నాడట ముందు. దగ్గరికి వచ్చి చూసి, రోడ్డు మీద పోతున్న ట్రాలీ ఆటోను ఆపి, అందులో వేసుకుని ఊళ్లోని దవాఖానకు తెచ్చాడు. గుండె లెక్క తప్పి చాలా వేగంగా కొట్టుకుంటోందని, రక్తాన్ని సరిగ్గా తోయలేకపోతోందని చెప్పి, మత్తు ఇచ్చి ఛాతి మీద కరెంటు పెట్టారు. రెండోసారికి దారిలోకి వచ్చింది. ఇంకో పావుగంట అయి ఉంటే మా చేతుల్లో ఉండేది కాదన్నారు. మర్నాడు సూర్యాపేట పంపారు. డాక్టరమ్మ వచ్చింది. జంగన్న పోయిన సంగతి మాత్రం చెప్పాను. మిగతాది చెప్పలేదు. దగ్గరి మనిషి పోయిన కబురు వింటే ఇట్లా కావడం ఉంటుంది అంది. గోళీలు మార్చింది.

ఫోనును అంజన్న మంగళవారం పొద్దున ఊకలో వెతికి తీశాడు. దానిలో పొట్టు దూరి పనిచెయ్యలేదు. బాగు చేయించనన్నాను. నాకిక ఫోన్ వద్దన్నాను.

పన్నెండు రోజులకు కాస్త తిరగగలిగాక, కోదాడ పోతానన్నాను. సీతాబాయి తోడు వచ్చింది.

జంగన్న ఇల్లు చిన్నది, ఆయన స్వయంగా కట్టుకున్నది. గోడలు నున్నగా, మూలలు గీత గీసినట్టు ఉన్నాయి. ఫోటోకు దండ వేసి ఉంది. ఆయన భార్య సత్తెమ్మ వదిన నన్ను చూసి ఏడవలేదు. చాప వేసింది. మంచినీళ్లు ఇచ్చింది. నేను ఏమీ అడగలేదు. ఆమే చెప్పింది.

శనివారం సాయంత్రం నుంచి ఆయనకు గుండె తేడాగా ఉందట. చెయ్యి తిమ్మిరి అన్నాడట. ఆసుపత్రికి పోదాం, వేణును బండి తియ్యమంటానని ఆమె ఎంతో పోరిందట. ఆయన వినలేదు.

"'కాశీరాం ఒక్కసారి విని చెప్పనీ. బాగుందంటే పడుకుంటాను, బాగోలేదంటే పోదాం' అన్నాడయ్యా. ఫోను ఛాతి మీద పెట్టుకుని అట్టాగే కూర్చున్నాడు. రాత్రి మూడింటి దాకా కూర్చున్నాడు."

ఎందుకు ఎత్తలేదని అడగలేదు. అడిగితే బాగుండేది. నేను తల వంచుకుని ఆమె కాళ్ల వేళ్లు చూస్తూ కూర్చున్నాను. డాక్టరమ్మ మాట చెప్పుకోవచ్చు. నాకే నోరు రాలేదు. లేచేటప్పుడు వదిన కాళ్లకు మొక్కబోయాను. ఆమె వెనక్కి జరిగింది.

సాయంత్రం బస్సు ఎక్కాం. హుజూర్‌నగర్ దాటాం. బస్సు సగం ఖాళీ. కిటికీలో నుంచి పొలాల తడి గాలి కొడుతోంది. నాలో చప్పుడు సక్రమంగానే ఉంది. అప్పుడు నేను సీతాబాయికి అంతా చెప్పాను. ఫోను, వేణు, ఆ మాట, ఊక గుట్ట, కాటా. ఏదీ దాచలేదు. ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూడలేదు. అంతా విని, ముందు సీటు కమ్మీని పట్టుకుంది.

తర్వాత, ఫోను ఊకలో పెట్టింది ఎన్నింటికి అని అడిగింది. ఏడున్నర లోపే అన్నాను.

ఆ రాత్రి ఎనిమిదింటికి తను ఫోన్ చేశానంది. అన్నం వండాలా, రొట్టెలు చెయ్యాలా అని అడగడానికి. నేను ఎత్తానంది. గొంతు నాదేనట. ఆలస్యమవుతుంది, తిని పడుకో, నా కోసం చూడకు అన్నానట. అందుకే తను నిశ్చింతగా పడుకున్నానని, అంజన్న మనిషిని పంపేదాకా లేవలేదని చెప్పింది.

"కానీ తెలుగుల మాట్లాడినవ్," అంది.

మా పెళ్లయి ఇరవై రెండేళ్లు. మేమిద్దరం మా తండా మాటలోనే మాట్లాడుకుంటాం. పోట్లాడినా అందులోనే. ఒక్కరోజు కూడా నేను ఆమెతో తెలుగులో మాట్లాడలేదు. ఆ రాత్రి తనకు వింతగా అనిపించిందట. పక్కన ఓనరు ఉన్నాడేమో, ఆయనకు తెలిసేట్టు మాట్లాడుతున్నానేమో అనుకుందట. ఏమన్నానో అచ్చం అట్లాగే చెప్పమన్నాను.

"'ఆలస్యం అవుద్ది, నువ్వు తినేసి పడుకో' అన్నవ్."

అవుద్ది అనేది జంగన్న వాడే మాట. ఇంకేమైనా అన్నానా అని అడిగాను.

ఆమె కమ్మీ వదిలి నా వైపు తిరిగింది. ఆమె ముఖంలో అప్పుడే ఏదో అర్థమైనట్టు కనపడింది.

"అఖిల నంబరు అడిగినవ్," అంది. "నీ దాంట్ల పోయిందేమో అనుకున్న... చెప్పిన."

ఆమె ఫోను తీసుకుని బిడ్డకు చేశాను. తెర మీద టైము ఏడు దాటింది. బస్సు నేరేడుచర్లలో ఆగింది, జనం ఎక్కుతున్నారు, కండక్టరు ఏదో అడుగుతున్నాడు. నంబరు బిజీ అని వచ్చింది. మళ్లీ చేశాను. బస్సు కదిలింది. మళ్లీ చేశాను. అఖిల అవతల ఎవరితోనో మాట్లాడుతూనే ఉంది.